అస్లీ రేడియోనా, కొత్తదా? పాత కార్ల డ్యాష్‌బోర్డులో మన తారీఖ్

కోటగిరి, బోధన్, నిజామాబాద్ దిక్కు కొన్ని పాత ఇళ్ల ఆవరణల్లో అంబాసిడర్లు, ఫియట్లు ఇంకా నిలబడి ఉన్నాయి. దాదా కొన్నవి, అబ్బా నడిపినవి. ఇప్పుడు కొడుకులో మనవళ్లో వాటిని మరమ్మత్ చేయిస్తున్నారు. ఇంజన్ అయింది, రంగు అయింది, సీట్ల గుడ్డ మారింది. చివరికి ఒక సవాల్ మిగులుతుంది. డ్యాష్‌బోర్డులో మూగబోయిన ఆ పాత రేడియోను బాగు చేయించాలా, లేక తీసేసి బ్లూటూత్ పెట్టించాలా? ఇంట్లో ఇద్దరుంటే రెండు రాయ్‌లు. ఫైసలా చేసే ముందు ఆ డబ్బా వెనుక ఉన్న తారీఖ్ ఒకసారి చూద్దాం.

మన జిల్లాకు మోటారు కార్లు ఊరికే రాలేదు. 1923లో మొదలైన నిజాంసాగర్ 1931కి పూర్తయింది. నీళ్లొచ్చాయి, నీళ్ల వెనుక చెరకు వచ్చింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైంది. చెరకు పైసలతో పాటు అఫ్సర్లు, గుత్తేదార్లు, వాళ్ల గాడీలు వచ్చాయి.

సరిగ్గా అదే జమానాలో హైదరాబాద్‌కు రేడియో వచ్చింది. 1933లో మహబూబ్ అలీ అనే ఆయన 200 వాట్ల చిన్న స్టేషన్ ఖానగీగా పెట్టారు. 1935 ఫిబ్రవరి 3న నిజాం సర్కార్ దాన్ని తన చేతిలోకి తీసుకుంది. అదే డెక్కన్ రేడియో. 1939లో సరూర్‌నగర్‌లో పెద్ద ట్రాన్స్‌మిటర్ లేచింది. 730 కిలోహెర్ట్జ్, అంటే 411 మీటర్లు. ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడ, నాలుగు జబాన్లలో ప్రోగ్రాములు నడిచాయి. 1948 సెప్టెంబర్ 17న నిజాం కాల్పుల విరమణ ఎలాన్ చేసింది ఈ రేడియో మీదనే. 1950 ఏప్రిల్ 1న డెక్కన్ రేడియో ఆలిండియా రేడియోలో కలిసిపోయింది.

ఇక కారులో రేడియో సంగతి. 1930లో అమెరికాలోని షికాగోలో గాల్విన్ అన్నదమ్ములు కారు రేడియో అమ్మడం మొదలుపెట్టారు. దానికి పెట్టిన పేరే మోటరోలా. ఆ తొలి సెట్లలో వాల్వులుండేవి. వాల్వుకు ఎక్కువ వోల్టేజి కావాలి, కారు బ్యాటరీలో అది లేదు. అందుకని 1930ల సెట్లలో వైబ్రేటర్ అనే చిన్న పరికరం పెట్టారు. అది సెకనుకు వందసార్లకు పైగా కదులుతూ కరెంటును తెంపి కలుపుతుంది. అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని పెంచుతుంది. స్విచ్ వేయగానే సన్నని బుయ్ మనే ఆవాజ్, వాల్వులు వేడెక్కే దాకా ఇంతజార్, ఆ తర్వాతే ఖబర్లు. ట్రాన్సిస్టర్ వచ్చాక ఆ ఇంతజార్ పోయింది.

మన దగ్గర రేడియోకు లైసెన్స్ ఉండేది. పోస్టాఫీసుకు పోయి ఏటా ఫీజు కట్టి, చిన్న పుస్తకంలో టికెట్లు అంటించుకోవాలి. 1980లలో ఆ బాధ పోయింది. 1952లో రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా మొదలయ్యాక బుధవారం రాత్రి షార్ట్ వేవ్ దొరికే సెట్టుకు కద్ర్ పెరిగింది. చాలా కారు రేడియోలకు మాత్రం మీడియం వేవ్ ఒక్కటే గతి.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. చాలా అంబాసిడర్లకు, ఫియట్లకు రేడియో ఫ్యాక్టరీలోంచి రాలేదు. కొన్నాక డీలర్ దగ్గరో, ఎలక్ట్రీషియన్ దుకాన్‌లోనో బిగించుకున్నదే. మరి అస్లీ అంటే ఏ తారీఖు? ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ ఇచ్చిన రోల్స్ రాయిస్ చౌమహల్లా పేలెస్‌లో ఉంది. అది 1911 నాటి మాట. అప్పటికి వినడానికి ప్రసారాలే లేవు. ఆ కారుకు అస్లీ అంటే రేడియో లేకపోవడమే. మీ అంబాసిడర్‌కు అస్లీ అంటే మీ అబ్బా ఏ సెట్టు వింటూ నడిపారో అది.

కానూన్ కూడా దీనికి అడ్డం రాదు. 2021లో కేంద్ర సర్కార్ వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషన్‌కు కాయిదాలు తెచ్చింది. 50 ఏళ్లు దాటాలి, అస్లీ రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పు ఉండొద్దు. ఆ పెద్ద మార్పుల జాబితాలో రేడియో పేరు లేదు. కనుక ఫైసలా మన చేతిలోనే ఉంది.

ఆ ఫైసలాలో చేదు నిజం ఒకటుంది. పాత సెట్టును ఎంత బాగా మరమ్మత్ చేయించినా అది వినడానికి చేసిన ఆవాజ్‌లు చాలావరకు గాలిలో లేవు. డెక్కన్ రేడియో పేరు 1950లోనే పోయింది. గీత్‌మాలా 1989లో వివిధ భారతికి మారింది. బీబీసీ హిందీ షార్ట్ వేవ్ ప్రసారాలు 2020 జనవరి 31న ఆగిపోయాయి. మన నిజామాబాద్ ఆకాశవాణి 103.2 ఎఫ్‌ఎం మీద ఉంది. మీడియం వేవ్ సెట్టు కోటగిరి రోడ్డు మీద దాన్ని పట్టలేదు. అస్లీ రేడియో ఉన్న కారులో సొంత జిల్లా స్టేషనే వినబడదు.

అట్లని పాతదాన్ని కబాడీకి వేయాల్నా? వద్దు. దాని డయల్ మీద మీటర్ల అంకెలుంటే చూడండి. 400 దాటి కొంచెం ముందుకు పోతే 411. సరూర్‌నగర్ ట్రాన్స్‌మిటర్ పలికిన చోటు అదే. ఆ తర్వాత ఆలిండియా రేడియో హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్ కూడా, అంటే సుమారు 406 మీటర్లు, ముల్లు పక్కకే వస్తుంది. ఉర్దూ ప్రోగ్రాం నైరంగ్ విన్న ఇళ్లకు ఆ జాగా తెలుసు. ఇంత గవాహీ ఒక స్టీరియో ప్లాస్టిక్ ముఖం మీద దొరకదు.

అందుకే నా రాయ్ ఇది: వెనక్కి తిప్పుకోగలిగిన పని చేయండి, తిప్పుకోలేనిది చేయకండి. పాత సెట్టుకు రెండు గుబ్బలు, మధ్యలో డయల్ ఉంటాయి. కొత్త స్టీరియోకు సుమారు 18 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తు రంధ్రం కావాలి. దానికోసం డ్యాష్‌బోర్డు రేకు కోస్తే ఆ రేకు మళ్లీ రాదు. పాత రేడియో ముఖాన్ని అక్కడే ఉంచి, చిన్న బ్లూటూత్ యాంప్లిఫయర్‌ను సీటు కిందో గ్లోవ్ బాక్స్‌లోనో దాచి, స్పీకర్లను వెనుక పెట్టుకోవచ్చు. పాటలు, ఖబర్లు, ఫోను అన్నీ నడుస్తాయి, చూపు మారదు.

కారీగర్‌ను ఒక్కటి తప్పక అడగండి. 1950ల నాటి బ్రిటిష్ డిజైన్ గాడీల్లో చాలావాటికి బ్యాటరీ ప్లస్ వైరు బాడీకి కలిపి ఉంటుంది. కొత్త పరికరాల రేకు డబ్బా మైనస్. చూడకుండా బిగిస్తే ఫ్యూజు పోతుంది, ఒక్కోసారి వైర్లే కాలుతాయి. ముందు మీటరు పెట్టి చూపించమనండి.

పాత సెట్టును మరమ్మత్‌కు పంపేటప్పుడు వాల్వులు, గుబ్బలు, డయల్ అద్దం ఫొటోలు తీసి పెట్టుకోండి. తీసేసిన ప్రతి స్క్రూను ఒక డబ్బాలో వేసి, ఏ గాడీదో రాసి ఇంట్లోనే దాచండి. అది అమానత్. దాన్ని మళ్లీ పలికించాలా వద్దా అన్నది మీ తర్వాత ఆ గాడీ నడిపేవాళ్లు కూడా అడుగుతారు, వాళ్లకు ఆ మౌకా మిగలాలి.