వీధి పేరు కూడా చారిత్రక ఆధారమే

శాసనాలు, నాణేల వలెనే వీధుల పేర్లు కూడా చరిత్రకు ఆధారాలు. అయితే ఏ ఆధారాన్నైనా పరీక్షించిన తరువాతనే స్వీకరించాలి. హైదరాబాదు నగరంలోని కొన్ని పేర్లతో ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

కొన్ని పేర్లు సూటిగా సాక్ష్యం చెబుతాయి. ఉర్దూలో ‘కోఠీ’ అంటే పెద్ద భవనం. నేటి కోఠి ప్రాంతం ఆనాటి బ్రిటిష్ రెసిడెన్సీ భవనాన్ని గుర్తుచేస్తుంది. ఆరవ నిజాం కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ దుకాణం వల్ల ఆబిడ్స్‌కు ఆ పేరు వచ్చింది.

కొన్ని పేర్లు మనల్ని దారి తప్పిస్తాయి. మూసారాంబాగ్ అనగానే మీకు మూసీ నదో, రాముడో స్ఫురించవచ్చు. నిజానికి ఆ పేరు వెనుక ఉన్నది నిజాం అలీఖాన్ కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్. ‘మోస్యే రేమండ్’ అన్న పిలుపు జనం నోట ‘మూసారాం’ అయింది. 1798లో మరణించిన ఆయన సమాధి ఆ సమీపంలోనే ఉంది. ఆయన ఫిరంగులు పోత పోయించిన చోటే గన్‌ఫౌండ్రీ.

కనుక శబ్దసామ్యం ఒక్కటే రుజువు కాదు. పాత పటాలు, దస్తావేజులు, కట్టడాలతో సరిపోల్చి చూడాలి. పేరు మారితే బోర్డుతో పాటు ఒక సాక్ష్యం కూడా కనుమరుగవుతుంది. మీ ఊరి వీధుల పాత పేర్లను పెద్దలను అడిగి ఇప్పుడే రాసి ఉంచండి.