పార్వో వ్యాధి (కుక్కలలో)

కుక్కపిల్లల ప్రాణాలు తీసే అంటువ్యాధుల్లో పార్వో ముఖ్యమైనది. ఆరు వారాల నుంచి ఆరు నెలల లోపు పిల్లలకు ముప్పు ఎక్కువ. డాబర్‌మన్, రాట్‌వీలర్, జర్మన్ షెపర్డ్ జాతుల్లో ఇది మరింత తీవ్రంగా వస్తుంది. చికిత్స అందకపోతే సోకిన పిల్లల్లో అత్యధిక భాగం చనిపోతాయి. వేళకు ఆసుపత్రిలో చేర్చి కనిపెట్టుకుంటే పదింట్లో ఎనిమిదో తొమ్మిదో బతికి బయటపడతాయి. మనుషులకు ఇది సోకదు. మన పిల్లలకు వచ్చే పార్వోవైరస్ బీ19 వేరే వైరస్.

1978కి ముందు పశువైద్య గ్రంథాల్లో ఈ రోగం ఊసే లేదు. ఆ ఏడాది అమెరికాలో, యూరప్‌లో, ఆస్ట్రేలియాలో దాదాపు ఒకేసారి బయటపడి, రెండేళ్లు తిరిగేసరికి లోకమంతా పాకింది. పిల్లుల్లో పాన్‌ల్యూకోపీనియా తెచ్చే వైరస్‌కు ఇది దగ్గరి చుట్టం. పైతొడుగులోని ప్రొటీన్‌లో కొద్దిపాటి మార్పులు జరగడంతో కుక్క కణాల్లోకి చొరబడే శక్తి దీనికి వచ్చింది. అప్పటి కుక్కల్లో వేటికీ దీన్ని తట్టుకునే రక్షణ లేదు. పెద్ద కుక్కలూ పోయాయి. పాలు తాగే పిల్లలు గుండె కండరం దెబ్బతిని, అప్పటిదాకా ఆడుకుంటున్నవే ఉన్నట్టుండి కూలిపోయేవి. సొంత టీకా చేతికొచ్చేలోగా వైద్యులు పిల్లుల టీకానే కుక్కలకూ వేసి కొంత నెట్టుకొచ్చారు. ఆ తర్వాత కార్నెల్ విశ్వవిద్యాలయంలో లీలండ్ కార్మైకేల్, మాక్స్ ఆపెల్‌ల కృషితో కుక్కల వైరస్ నుంచే టీకా తయారైంది. అడవి జంతువులూ దీని బారిన పడ్డాయి. అమెరికాలోని సుపీరియర్ సరస్సులో ఉన్న ఐల్ రాయల్ దీవిలో 1980లో 50 తోడేళ్లుండేవి. 1982 నాటికి 14 మిగిలాయి. ఎవరో వెంట తెచ్చిన కుక్కతో పార్వో ఆ దీవికి చేరిందని అక్కడి పరిశోధకులు భావిస్తారు.

నోటి ద్వారానో ముక్కు ద్వారానో లోపలికి వెళ్లిన వైరస్ మూడు నాలుగు రోజుల్లో రక్తంలో కలుస్తుంది. వేగంగా విభజన చెందే కణాలంటేనే దానికి ఇష్టం. అందుకే పేగుల లోపొరను, ఎముక మజ్జను ఎంచుకుంటుంది. పేగు పొర ఊడిపోవడంతో నీళ్లు, నెత్తురు బయటికి పోతాయి. పేగులోని బ్యాక్టీరియా రక్తంలోకి దిగుతుంది. దాన్ని ఎదుర్కోవాల్సిన తెల్లకణాలను మజ్జ తయారు చేయలేకపోతుంది. చాలా పిల్లలు చనిపోయేది ఈ రెండు దెబ్బలూ కలిసి పడటం వల్లే.

మొదటి రోజు కనిపించేది నీరసం, తిండి మీద అయిష్టం. చాలామంది యజమానులు దాన్ని అజీర్తి అనుకుంటారు. మర్నాటికి వాంతులు, ఆ వెంటనే చెడువాసన వేసే, తరచుగా నెత్తురు కలిసిన విరేచనాలు మొదలవుతాయి. మెడ మీది చర్మాన్ని రెండు వేళ్లతో పైకి లాగి వదిలితే వెంటనే సర్దుకోకుండా గుడారంలా నిలబడిపోయిందంటే ఒంట్లో నీరు బాగా తగ్గినట్టే. ఆ సమయంలో పెరుగన్నం, నోటితో ఓఆర్ఎస్, మనుషుల విరేచనాల మాత్ర అంటూ ఇంట్లో రోజు గడపడం ప్రమాదం. వాంతి చేసుకుంటున్న పిల్లకు నోట్లో పోసింది నిలవదు. మల పరీక్ష పది నిమిషాల్లో తేలుతుంది. కానీ నెగటివ్ వచ్చినంత మాత్రాన పార్వో కాదని చెప్పలేం. వైరస్‌ను నేరుగా చంపే మందు వాడుకలో లేదు. సెలైన్ ఎక్కించడం, వాంతులు ఆపడం, యాంటీబయాటిక్స్, పొటాషియం, గ్లూకోజ్ చూసుకోవడం, ఇవే చికిత్స. వాంతులు ఆగేదాకా కడుపు మాడ్చే పాత పద్ధతి పోయింది. ఇప్పుడు కొద్దికొద్దిగా తొందరగానే ఆహారం మొదలుపెడుతున్నారు. వైరస్‌ను పట్టి నిలిపే మోనోక్లోనల్ యాంటీబాడీకి 2023లో అమెరికా షరతులతో అనుమతి ఇచ్చింది.

ఇక టీకా సంగతి. "ఇంజెక్షన్లు వేయించాం, అయినా పార్వో వచ్చింది" అని తరచూ వినిపిస్తుంది. టీకా మంచిది కాదనో, దొంగ సరుకనో అనుకుంటారు. చల్లదనం లేకుండా టీకా పాడైన సందర్భాలు ఉండొచ్చు గానీ, అసలు కారణం తరచుగా తల్లి పాలలోనే ఉంటుంది. పుట్టిన మొదటి రోజు తాగిన ముర్రుపాలతో తల్లి యాంటీబాడీలు పిల్లకు చేరతాయి. సుమారు పది రోజులకొకసారి అవి సగానికి తగ్గుతూ వస్తాయి. తగ్గే దారిలో రెండు మూడు వారాల పాటు ఒక చిక్కు వస్తుంది. అప్పుడు వాటికి రోగాన్ని ఆపేంత బలం ఉండదు, టీకాను మాత్రం పనిచేయనివ్వవు. ఆ వారాలు ఏ పిల్లకు ఎప్పుడొస్తాయో చూసి చెప్పలేం. ఒకే ఈతలో పుట్టినవాటిలోనే ఒకటి ఎనిమిదో వారానికి టీకాకు స్పందిస్తే, పాలు దండిగా తాగిన మరొకటి పదహారో వారం దాకా స్పందించకపోవచ్చు.

అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వేయాలి. ఆ తర్వాత ఆరు నెలలకో ఏడాదికో ఒక బూస్టర్. అమ్మకందారు ఇచ్చిన టీకా కార్డులో రెండు స్టిక్కర్లున్నా, రెండోది పదో వారంలోనే వేసి ఉంటే ఆ పిల్లకు టీకాలు పూర్తి కాలేదు. ఎన్ని వేశారన్న దానికంటే చివరిది ఏ వయసులో వేశారన్నదే చూడాలి. కార్డులో ఉన్న రేబిస్ టీకా పార్వోకు పనికిరాదు.

టీకాలు పూర్తయ్యేదాకా పిల్లను వీధి కుక్కలు తిరిగే చోట నేల మీద దింపకూడదు. చంకనెత్తుకుని తిప్పడంలో తప్పులేదు. ఇంట్లోంచి కదలకపోయినా ముప్పు పూర్తిగా పోదు. రోగంతో ఉన్న కుక్క మలంలో కోట్ల వైరస్ కణాలుంటాయి. ఆ మలాన్ని తొక్కిన చెప్పు గుమ్మం దగ్గరికి వస్తుంది. కుక్కపిల్ల మొట్టమొదట కొరికేది చెప్పునే. మట్టిలో ఈ వైరస్ నెలల తరబడి బతుకుతుంది. దీనికి కొవ్వు పొర లేదు కాబట్టి ఫినాయిల్‌ను, శానిటైజర్‌ను నమ్ముకోలేం. మలాన్ని పూర్తిగా ఎత్తి, సబ్బునీళ్లతో కడిగాక, ఒక వంతు ఇంటి బ్లీచ్ ద్రావణానికి ముప్ఫై వంతుల నీళ్లు కలిపి పోసి, పది నిమిషాలు తడి ఆరకుండా ఉంచితే చస్తుంది. మట్టి నేల మీద ఈ పద్ధతి సాగదు.

కోలుకున్న కుక్కకు ఏళ్ల తరబడి రక్షణ ఉంటుంది. అయితే మరో రెండు మూడు వారాలు దాని మలంలో వైరస్ పోతూ ఉండొచ్చు కాబట్టి అంతకాలం వేరుగా ఉంచాలి. పార్వోతో కుక్క చనిపోయిన ఇంట్లో మరొకటి పెంచాలనుకుంటే టీకాలు పూర్తయిన పెద్ద కుక్కను తెచ్చుకోవడం మేలు. పసిపిల్లే కావాలంటే, దాని పదహారో వారం టీకా వేసి రెండు వారాలు గడిచాకే ఆ ఇంటికి తేవాలి.