గుండె లయ తప్పినవారికి ఆహార నియమాలు

ఆరోగ్యవంతుని గుండె విశ్రాంతి సమయంలో నిమిషానికి 60 నుంచి 100 సార్లు ఒకే లయలో కొట్టుకుంటుంది. కుడి కర్ణిక పైభాగంలోని ఒక చిన్న కణసముదాయం నుంచి వెలువడే విద్యుత్ ప్రేరణ ఈ లయకు మూలం. కొందరిలో ఈ వ్యవస్థ చెదిరి, కర్ణికల్లో నిమిషానికి 350 నుంచి 600 వరకు అస్తవ్యస్తమైన ప్రేరణలు పుడతాయి. అప్పుడు కర్ణికలు సరిగా సంకోచించలేక వణుకుతాయి. నాడి పట్టి చూస్తే దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం ఒక తీరుగా ఉండదు. ఈ వ్యాధినే వైద్యులు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. తెలుగులో కర్ణికా ప్రకంపనం అనవచ్చు.

రక్తపోటు, మధుమేహం, స్థూలకాయం, థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం, మద్యపానం, వయోభారం దీనికి ముఖ్య కారణాలు. మన దేశంలో చిన్ననాటి కీళ్లవాత జ్వరం వల్ల గుండె కవాటాలు దెబ్బతినడం కూడా ఒక ప్రధాన కారణమే. దడ, ఆయాసం, నీరసం దీని లక్షణాలు. కొందరిలో ఏ లక్షణమూ కనిపించదు. అసలు ప్రమాదం వేరే ఉంది. వణుకుతున్న కర్ణికలో రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఈ వ్యాధి ఉన్నవారికి పక్షవాతం వచ్చే అవకాశం ఇతరులకన్నా సుమారు అయిదు రెట్లు ఎక్కువ.

ఆహారం మందుకు ప్రత్యామ్నాయం కాదు. కానీ తినే తిండి మందు పనితీరును మార్చగలదు, లయను చెదరగొట్టే కారణాలను తగ్గించగలదు లేదా పెంచగలదు. కాబట్టి రోగితో పాటు ఇంట్లో వంట చేసేవారూ ఈ విషయాలు తెలుసుకోవాలి.

మొదట తెలుసుకోవలసింది: మీ మందు ఏది?

రక్తాన్ని పలుచబరిచే మందులు రెండు తరగతులు. వార్ఫరిన్, ఎసినోకౌమరాల్ పాత తరగతికి చెందినవి. పాడైన స్వీట్ క్లోవర్ గడ్డి తిని ఉత్తర అమెరికాలో పశువులు రక్తస్రావంతో చనిపోవడంపై జరిగిన పరిశోధనలే వార్ఫరిన్‌కు దారితీశాయి. 1954 నుంచి దానిని మనుషులకు వాడుతున్నారు. రక్తం గడ్డకట్టడానికి విటమిన్ 'కె' అవసరం. ఈ మందులు దాని పనిని అడ్డుకుంటాయి. అందువల్ల ఆహారంలో విటమిన్ 'కె' పెరిగితే మందు బలం తగ్గుతుంది, తగ్గితే మందు బలం పెరుగుతుంది. ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్షతో దీనిని కొలుస్తారు. ఈ వ్యాధిలో అది సాధారణంగా 2 నుంచి 3 మధ్య ఉండాలి. తగ్గితే పక్షవాత భయం, మించితే రక్తస్రావ భయం.

డాబిగాట్రాన్, రివరోక్సాబాన్, అపిక్సాబాన్ కొత్త తరగతికి చెందినవి. వీటికి ఆకుకూరల విషయంలో నియమం లేదు. అయితే రివరోక్సాబాన్ 15, 20 మి.గ్రా. మాత్రలను భోజనంతో పాటే వేసుకోవాలి. ఖాళీ కడుపుతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. డాబిగాట్రాన్ గుళికను విప్పకుండా గ్లాసెడు నీటితో మింగాలి. కవాటం బాగా ఇరుకైనవారికీ, లోహపు కవాటం అమర్చినవారికీ నేటికీ పాత తరగతి మందులనే వాడతారు. కీళ్లవాత జ్వరం వల్ల గుండె దెబ్బతిన్నవారిపై జరిపి 2022లో ప్రచురించిన ఇన్విక్టస్ పరీక్షలో కూడా రివరోక్సాబాన్ కన్నా పాత మందే మేలని తేలింది. పొరుగింటివారు కొత్త మందు వాడుతున్నారని సొంతంగా మందు మార్చుకోరాదు.

ఆకుకూరలు మానాలా?

మానవలసిన పని లేదు. పాత తరగతి మందు వాడేవారు ఆకుకూరలు పూర్తిగా మానేయడం పొరపాటు. అలా మానినవారిలో విటమిన్ 'కె' నిల్వలు తగ్గి, ఎప్పుడో ఒకనాడు పప్పులో కాస్త కూర కలిపి తిన్నా ఐ.ఎన్.ఆర్. అటూఇటూ ఊగుతుంది. కావలసింది నిలకడ. వారానికి మూడుసార్లు కప్పెడు ఆకుకూర తినే అలవాటు ఉంటే ప్రతి వారమూ అంతే తినాలి. వైద్యుడు ఆ అలవాటుకు తగినట్లు మందు మోతాదు నిర్ణయిస్తాడు.

పచ్చి పాలకూర 100 గ్రాముల్లో సుమారు 480 మైక్రోగ్రాముల విటమిన్ 'కె' ఉంటుంది. క్యాబేజీలో సుమారు 75. వంకాయ, టొమాటో, ఉల్లి, బంగాళాదుంపల్లో పదిలోపే. తోటకూర, మునగాకు, మెంతికూర, గోంగూర, కొత్తిమీరలను పాలకూరతో పాటే లెక్కించుకోవాలి. ఉడికించినంత మాత్రాన ఈ విటమిన్ నశించదు. తాలింపులోని నాలుగు కరివేపాకు రెబ్బల గురించి బెంగ అక్కరలేదు. రోజూ చెంచాల కొద్దీ మునగాకు పొడి కొత్తగా మొదలుపెట్టడం మాత్రం వైద్యునికి చెప్పి చేయవలసిన పని.

జ్వరం వచ్చి పథ్యం పేరుతో పది రోజులు చారన్నమే తిన్నా, కార్తీకంలో ఒంటిపూట భోజనం చేసినా, వరుస ఉపవాసాలున్నా విటమిన్ 'కె' తగ్గి రక్తం మరీ పలుచనవుతుంది. ఆ జ్వరానికి యాంటీబయాటిక్ కూడా వాడితే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఇటువంటి సందర్భాల్లో ముందుగానే వైద్యునికి చెప్పి ఐ.ఎన్.ఆర్. పరీక్ష చేయించుకోవాలి.

ఆకుకూరల పేర్లు: నాలుగు భాషల్లో

మన ప్రాంతాల వారికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఆసుపత్రిలో ఆహార సూచనలు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఇస్తారు. ఇంట్లో కూర పేరు తెలుగులో ఉంటుంది. ముఖ్యమైన పేర్లు ఇవి:

తోటకూర: కన్నడంలో దంటు సొప్పు, తమిళంలో తండుకీరై, ఒడియాలో ఖడా శాగ, మరాఠీలో మాఠ.
మునగాకు: కన్నడంలో నుగ్గె సొప్పు, తమిళంలో మురుంగైకీరై, ఒడియాలో సజనా శాగ, మరాఠీలో శేవగ్యాచా పాలా.
మెంతికూర: కన్నడంలో మెంతె సొప్పు, తమిళంలో వెందయకీరై, ఒడియాలో మేథి శాగ, మరాఠీలో మేథీ.
గోంగూర: కన్నడంలో పుండి సొప్పు, తమిళంలో పులిచ్చకీరై, మరాఠీలో అంబాడీ.

'సొప్పు', 'కీరై', 'శాగ' అనే మాటలు ఆకుకూరలకు వాడే సామాన్య నామాలు. సూచనల్లో ఆ మాట ఒక్కటే ఉంటే ఏ కూర, ఎంత అని అడిగి తెలుసుకోవాలి.

ఉప్పు

రక్తపోటును అదుపులో ఉంచడం లయ చికిత్సలో ముఖ్యభాగం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దవారు రోజుకు 5 గ్రాములకన్నా తక్కువ ఉప్పు తినాలి. అంటే అన్ని వంటకాల్లోనూ కలిపి చెంచాడు లోపే. ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, అంగడి మిక్చర్ మన పళ్లెంలో ఉప్పు చేరే దారులు. యానాంలోనూ, గంజాం తీరంలోనూ ఎండుచేప మరొకటి. ఊరగాయను రోజూ కాక వారానికి ఒకటి రెండుసార్లు, బఠాణీ గింజంత వేసుకుంటే రుచీ దక్కుతుంది, హానీ తగ్గుతుంది.

సైంధవ లవణం మేలనే నమ్మకం ఉంది. అందులోనూ అధికభాగం సోడియం క్లోరైడే. సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు బజారులో దొరుకుతుంది. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, రక్తపోటుకు రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటివి వాడేవారు, స్పైరోనోలాక్టోన్ వాడేవారు వైద్యుని అడగకుండా దానిని వాడరాదు. పొటాషియం మితిమీరినా గుండె లయకు ముప్పే.

పొటాషియం, మెగ్నీషియం

ఈ రెండు లవణాలూ గుండె విద్యుత్ వ్యవస్థకు కీలకం. మూత్రం ఎక్కువగా పోయించే ఫ్రూసెమైడ్ వంటి మాత్రలు, విరేచనాలు, వాంతులు వీటిని తగ్గిస్తాయి. మూత్రపిండాలు బాగున్నవారికి అరటిపండు, కొబ్బరినీరు, కందిపప్పు, పెసలు, చిక్కుళ్లు మంచివి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి కొబ్బరినీరు కూడా హాని చేయవచ్చు.

మెగ్నీషియం కోసం దూరం వెళ్లనక్కరలేదు. రాగుల్లో 100 గ్రాములకు సుమారు 140 మి.గ్రా. ఉంటుంది. కోలారు, పావగడలలో రాగి ముద్ద, హోసూరులో రాగి కళి, కొరాపుట్ వైపు మాండియా జావు, షోలాపూరులో జొన్నరొట్టె మన పెద్దల ఆహారమే. అయితే ముద్ద మంచిదని మోతాదు మించితే చక్కెరా, బరువూ పెరుగుతాయి.

చేప, చేప నూనె గుళికలు

వారానికి ఒకటి రెండుసార్లు చేపను పులుసుగా తినడం గుండెకు మంచిది. నూనెలో మాడ్చిన వేపుడుకు ఆ గుణం ఉండదు. ఒమేగా-3 గుళికల సంగతి వేరు. రోజుకు 1 గ్రాముకు మించి తీసుకున్నవారిలో కర్ణికా ప్రకంపనం పెరిగినట్లు 2021లో వెలువడిన ఒక సమీక్ష తేల్చింది. వైద్యుడు రాయకుండా వాటిని కొని మింగరాదు.

కాఫీ, మద్యం

లయ తప్పినవారు కాఫీ మానాలని చాలాకాలం చెప్పేవారు. 2025లో ప్రచురించిన డికాఫ్ పరీక్షలో, విద్యుత్ చికిత్సతో లయ సరిచేసిన 200 మందిని రెండు బృందాలుగా చేశారు. ఆరు నెలల్లో కాఫీ మానినవారిలో 64 శాతం మందికి, రోజుకు కనీసం ఒక కప్పు తాగినవారిలో 47 శాతం మందికి వ్యాధి తిరగబెట్టింది. కాబట్టి అలవాటున్నవారు ఒకటి రెండు కప్పుల ఫిల్టర్ కాఫీకి భయపడనక్కరలేదు. తాగగానే దడ వచ్చేవారు మానాలి. చక్కెర తగ్గించాలి.

మద్యం విషయంలో సందేహం లేదు. ఆస్ట్రేలియాలో 140 మందిపై జరిపి 2020లో ప్రచురించిన పరీక్షలో, తాగుడు కొనసాగించినవారిలో 73 శాతం మందికి, మానుకున్న బృందంలో 53 శాతం మందికి వ్యాధి తిరగబెట్టింది. కల్లు, సారా, బీరు అన్నీ మద్యమే. పెళ్లిలో ఒక్క రాత్రి అతిగా తాగినా లయ తప్పవచ్చు.

బరువు, భోజన వేళ

స్థూలకాయులు పదోవంతు బరువు తగ్గి నిలుపుకుంటే లయ నిలిచే అవకాశం ఆరు రెట్లు పెరిగినట్లు 2015లో అడిలైడ్ వైద్యుల అధ్యయనం చూపింది. అంటే 80 కిలోలున్నవారు 72కు రావడం. కొందరికి రాత్రి కడుపునిండా తిని పడుకుంటే దడ మొదలవుతుంది. వారు పెందలాడే, తక్కువగా తినాలి.

మూలికలతో జాగ్రత్త

అతిమధురం పొటాషియాన్ని తగ్గించి లయను చెదరగొట్టగలదు. దగ్గుకు కొద్దికాలమైనా అడిగే వాడాలి. వంటలోని అల్లం, వెల్లుల్లి, పసుపు భయపడవలసినవి కావు. వాటి సారంతో చేసిన గుళికలు మాత్రం రక్తాన్ని మరింత పలుచబరచవచ్చు. గ్రేప్‌ఫ్రూట్, దాని జాతికే చెందిన పంపరపనస లయకు వాడే అమియోడరోన్ వంటి మందుల మోతాదును రక్తంలో పెంచగలవు.

ఆలస్యం చేయరానివి

మూతి వంకర పోవడం, చేయి పడిపోవడం, మాట తడబడటం పక్షవాత సూచనలు. నల్లని విరేచనం, ఎర్రని మూత్రం, ఆగని చిగుళ్ల రక్తం, తలకు దెబ్బ తగలడం రక్తం పలుచబరిచే మందు వాడేవారికి ప్రమాద సూచనలు. వీటిలో ఏది కనిపించినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మందు పేరు, మోతాదు, చివరి ఐ.ఎన్.ఆర్. విలువ రాసిన కాగితం ఎప్పుడూ జేబులో ఉండాలి. ఏ రాష్ట్రంలో, ఏ భాష మాట్లాడే వైద్యుని ముందు కూర్చున్నా రోగి తరఫున మాట్లాడేది ఆ కాగితమే.