అమ్మ జబ్బు చూపిన దారి

వేలూరు ఆస్పత్రి పేరు విననివారు మనలో ఉండరు. దాన్ని స్థాపించిన ఐడా స్కడర్ మొదట డాక్టరు కావాలనుకోనేలేదు. 1890లో, జబ్బుపడిన తల్లికి సాయంగా కొన్నాళ్ళుండి పోదామని అమెరికానుంచి తిండివనం వచ్చింది. ఒకరాత్రి ముగ్గురు మగవాళ్ళు ఒకరి తరువాత ఒకరు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలను చూడమని ఆమెను వేడుకున్నారు. తనకు వైద్యం రాదనీ, డాక్టరైన తండ్రిని తీసుకెళ్ళమనీ చెప్పింది. పరాయి మగవాడు వద్దన్నారు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ కన్నుమూశారు.

ఆమె మనసు మారిపోయింది. 1899లో కార్నెల్‌లో వైద్యపట్టా పుచ్చుకుంది. 1900లో తిరిగొచ్చి, వేలూరులో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. 1918లో ఆడపిల్లలకు వైద్య పాఠశాల తెరిచింది.

మీ ఇంట్లోనూ అమ్మమ్మకు వేళకు మందులిచ్చే పిల్ల ఉందా? చదువు పాడవుతుందని కసరకండి. ఏం చదవాలనుందో అడగండి.