నిద్ర - జ్ఞాపకశక్తి

మేలుకొని ఉండగా నేర్చుకున్న విషయాలు మెదడులో చెదరకుండా నిలిచిపోయే ప్రక్రియను స్మృతి స్థిరీకరణ అంటారు. ఇందులో నిద్రకు ముఖ్యమైన పాత్ర ఉన్నది. నిద్ర కేవలం విశ్రాంతి కాదనీ, అప్పటికే నేర్చిన పాఠాన్ని మెదడు మరల నెమరువేసుకునే సమయమనీ ప్రయోగాలు సూచిస్తున్నాయి.

తొలి పరిశోధనలు

1885లో జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థం లేని అక్షర సముదాయాలను కంఠస్థం చేసి, మరపు మొదట వేగంగానూ తరువాత నెమ్మదిగానూ సాగుతుందని చూపాడు. 1924లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెంకిన్స్, డాలెన్‌బాక్ ఇద్దరు విద్యార్థులకు అటువంటి 10 సముదాయాలు నేర్పి పరీక్షించారు. 8 గంటల తరువాత, నిద్రపోయిన సందర్భాలలో సగటున 5కు పైగా గుర్తుండగా, మేలుకొని ఉన్న సందర్భాలలో ఇంచుమించు ఒక్కటే గుర్తున్నది.

మెదడులో జరిగే పని

కొత్త అనుభవాలు నిలవడానికి మొదట మెదడు లోపల ఉండే హిప్పోకాంపస్ అనే భాగం అవసరం. ఎలుకలు తిరుగుతున్నప్పుడు అందులో కలిసి స్పందించిన నాడీకణాలు, ఆ తరువాతి గాఢనిద్రలో కూడా కలిసి స్పందించాయని 1994లో విల్సన్, మెక్‌నాటన్ కనుగొన్నారు. ఇటువంటి పునరావృతం వలన జ్ఞాపకాలు క్రమంగా మెదడు పైపొర అయిన కార్టెక్స్‌లో స్థిరపడతాయని భావిస్తున్నారు.

సాంకేతిక పరిజ్ఞానం

మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ పద్ధతిని హాన్స్ బెర్గర్ 1929లో ప్రకటించాడు. నిద్రలో ఉన్నవారు నిజంగా నిద్రిస్తున్నారో లేదో దీనితో తెలుస్తుంది. 1956లో సైమన్, ఎమన్స్ దీని సహాయంతో, నిద్రపోతున్నవారికి టేపు ద్వారా వినిపించిన కొత్త విషయాలు గుర్తుండవని నిరూపించారు.

అయితే ముందే నేర్చినదానిని నిద్రలో బలపరచవచ్చును. 2007లో జర్మనీలో రాష్, బోర్న్ బృందం గులాబీ వాసన నడుమ బొమ్మకార్డుల స్థానాలు నేర్పి, గాఢనిద్రలో అదే వాసన మరల చూపించింది. అప్పుడు సుమారు 97 శాతం, వాసన లేనప్పుడు సుమారు 86 శాతం జ్ఞాపకమున్నది. 2009లో అమెరికాలో శబ్దాలతో చేసిన ప్రయోగంలోనూ ఇటువంటి ఫలితమే వచ్చింది. 2013లో నిద్రాతరంగాల లయకు అనుగుణంగా శబ్దాలు వినిపించినప్పుడు పదాల జ్ఞాపకం మెరుగైనది. కానీ తరువాతి ప్రయోగాలన్నింటిలో ఆ లాభం కనబడలేదు.

విద్యార్థులకు ప్రాముఖ్యం

ఒక రాత్రి నిద్ర లేనివారు మరునాడు చూసిన కొత్త చిత్రాలను తక్కువగా గుర్తుంచుకున్నారని 2007లో యూ, వాకర్ బృందం తెలిపింది. అనగా పరీక్షల ముందు జాగారం చేసి చదివేవారు రెండు విధాల నష్టపోతారు: చదివినది స్థిరపడదు, మరునాడు కొత్తది సులభంగా ఎక్కదు. ఏ పరికరమూ చదువుకు గాని, నిద్రకు గాని ప్రత్యామ్నాయం కాజాలదు.