పేరు లేని ముత్తవ్వ: నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలలో క్రైస్తవ స్త్రీల వంశచరిత్ర అన్వేషణ

ఉపోద్ఘాతం

మన సంఘాలలో ఎవరినైనా "మీ కుటుంబంలో మొదట ప్రభువును నమ్మినదెవరు?" అని అడిగితే, చాలామంది తమ జేజినాయన పేరో, ఆయన తండ్రి పేరో చెప్పగలరు. "ఆయన భార్య ఏ ఊరి ఆడబిడ్డ? ఆమె పుట్టింటివారెవరు?" అని అడిగితే మాత్రం జవాబు దొరకడం కష్టం. ఈ మౌనానికి కారణాలేమిటి, దానిని ఎంతవరకు ఛేదించగలము అనే విషయాలను ఈ వ్యాసంలో పరిశీలింపగోరుచున్నాము.

1. అమెరికా పల్లె స్త్రీతో పోలిక

ఈ మౌనం మన దేశానికే పరిమితమైనది కాదు. అమెరికాలో 1790 నుండి పదేండ్లకొకసారి జనగణన జరిగినప్పటికీ, 1840 వరకు గృహ యజమాని పేరు మాత్రమే వ్రాసేవారు. భార్య, కుమార్తెలు అంకెలుగానే లెక్కింపబడ్డారు. 1850లో మొదటిసారిగా స్వేచ్ఛాజీవులందరి పేర్లు వ్రాయబడ్డాయి. బానిసలుగా ఉన్నవారు అప్పుడు కూడా సాధారణంగా యజమాని పేరు క్రింద పేరులేనివారిగానే నమోదయ్యారు. ఇంటి యజమానికి ఎవరు ఏమవుతారనే ప్రశ్న 1880లో గాని చేరలేదు. కాబట్టి 1820లో పుట్టిన ఒక రైతు భార్య వంశాన్ని వెదకేవారు ఆమె తండ్రి వీలునామాను, భూమి దస్తావేజులను, సంఘపు పుస్తకాలను ఆశ్రయించవలసిందే.

మన దేశంలో 1871 నాటి జనగణన కులమతాల సంఖ్యలను ఇచ్చినది గాని, వంశ పరిశోధకునికి ఇంటింటి పేర్ల జాబితాను మిగల్చలేదు. భూమి లేని కుటుంబాలకు దస్తావేజులు కూడ ఉండవు. అందుచేత నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెలలో ఒక పేద స్త్రీ పేరు కాగితం మీదికి ఎక్కిన మొదటి చోటు, అనేక సందర్భాలలో, ఆమె బాప్తిస్మపు రిజిస్టరే అయి ఉంటుంది.

2. రెండు మిషన్ల పొలిమేర

నల్లమల కొండలకు పడమట, ముత్యాలపాడు, నంద్యాల కేంద్రాలుగా ఆంగ్లికన్ సంస్థయైన ఎస్.పి.జి. పనిచేసింది. కొండలకు తూర్పున కంభం, మార్కాపురం వైపు అమెరికన్ బాప్టిస్టు మిషన్ వ్యాపించింది. పెండ్లి సంబంధాలు మిషన్ల హద్దులను ఎల్లప్పుడు పాటించవు. కావున ఒక వైపు కనబడని పేరును రెండవ వైపు కూడ వెదకాలి. ఎస్.పి.జి. కాగితాలు నేడు ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయంలోను, బాప్టిస్టు మిషన్ కాగితాలు అట్లాంటాలోని అమెరికన్ బాప్టిస్టు హిస్టారికల్ సొసైటీలోను ఉన్నాయి. అయితే అవి ముఖ్యంగా మిషనరీల ఉత్తరాలు, నివేదికలు. పల్లె స్త్రీ పేరు కావాలంటే స్థానిక సంఘపు బీరువానే తెరవాలి.

3. రిజిస్టరును చదివే విధానం

వెనుకకు నడవడమే మంచి పద్ధతి: మొదట భూస్థాపన రిజిస్టరు, తరువాత వివాహ రిజిస్టరు, చివరకు బాప్తిస్మపు రిజిస్టరు. ఆంగ్లికన్ వివాహ పత్రంలో వరుని తండ్రి పేరుతో పాటు వధువు తండ్రి పేరు కూడ వ్రాస్తారు. స్త్రీ పుట్టింటికి దారి చూపేది ఆ గడియే. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ఇటువంటి రిజిస్టర్లను తప్పనిసరి చేసింది.

ఇక్కడ మూడు చిక్కులున్నాయి. మొదటిది, బాప్తిస్మంలో పేరు మారుట. గ్రామ దేవత పేరున్న స్త్రీ ఆ దినం నుండి మరియమ్మ, శారమ్మ అయింది. ఒకే పల్లెలో నలుగురు మరియమ్మలుంటే భర్త పేరుతో, ఊరి పేరుతో వేరుపరచాలి. రెండవది, ఇంటిపేరు మారుట. దీనికి మేనరికం కొంత సహాయపడుతుంది. మేనమామకో, మేనబావకో ఇచ్చే ఆచారమున్న చోట అవే రెండు మూడు ఇంటిపేర్లు తరతరాలు తిరిగి తిరిగి వస్తాయి. మూడవది, వయస్సు. వ్రాసిన వయస్సు చాలావరకు ఉజ్జాయింపే. 1876-78 నాటి మహా కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. "ధాత కరువుకు మా అవ్వ నడిచే బిడ్డ" అనే ఒక్క మాట, రిజిస్టరులోని అంకెకంటె నమ్మదగినది కావచ్చు. ఆ కరువు తరువాతనే, 1878 జూలై 3న, ఒంగోలు మిషన్‌లో ఒక్కదినమే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అంతమందిలో ఒక స్త్రీని గుర్తించుటకు ఇంటి జ్ఞాపకం ఎంత అవసరమో చెప్పనక్కరలేదు.

4. వినిపించుకున్న ఒక స్త్రీ

ఒంగోలులో పనిచేసిన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లఫ్ (1859లో జననం) తరతరాలుగా పాస్టర్లైన జర్మను వంశపు బిడ్డ, వాల్టర్ రౌషెన్‌బుష్‌కు అక్క. ఆ వంశంలో కూడ తెలిసినంత తెలిసినది తండ్రులను గూర్చియే. ఆమె మాదిగ కుటుంబాల పెద్దలు చెప్పిన కథలను విని, 1899లో "వైల్ సూయింగ్ శాండల్స్" అనే గ్రంథంగా ప్రకటించారు. దానిలో మిషనరీ దృష్టి లేకపోలేదు. అయినను, రిజిస్టరులో ఒక వరుసగా మిగిలిన కుటుంబాలకు అక్కడ ఇల్లు, బంధువులు, పూర్వపు భక్తి, భయము కనబడతాయి. రిజిస్టరు పేరునిస్తే, నోటి మాట జీవితాన్నిస్తుంది. రెండూ కలిసినప్పుడే అది చరిత్ర.

ముగింపు

మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో తామారు, రాహాబు, రూతు పేర్లున్నాయి. నాల్గవ స్త్రీ మాత్రం ఊరియా భార్యగానే పేర్కొనబడింది. మన రిజిస్టర్లలో "ఫలానా వాని భార్య" అని ఉన్న ప్రతి వరుస దగ్గర మేము ఆమెను జ్ఞాపకం చేసికొంటాము. అంతులేని వంశావళులను గూర్చి పౌలు చేసిన హెచ్చరికను మేము మరువలేదు. అది గొప్పలకై వెదకేవారికి చెప్పిన మాట. మరువబడిన తల్లిని జ్ఞాపకం చేసికొనుట కృతజ్ఞత.

కావున సహసేవకులకు మా మనవి మూడు విషయాలు. పాత రిజిస్టర్లు చెదలకు పోకముందే ప్రతి పుటను ఫొటో తీసి మరొక చోట భద్రపరచండి. వాటిలో కులం వ్రాసి ఉన్నచోట, కుటుంబం అనుమతి లేనిదే బయట ప్రకటించకండి. సంఘంలోని వృద్ధ స్త్రీల యొద్ద కూర్చుండి, వారి తల్లి పేరు, తల్లి తల్లి పేరు, ఆమె పుట్టిన ఊరు అడిగి వ్రాసికొనండి. కాగితం కొన్ని సంవత్సరాలు ఆగగలదేమో గాని, ఆ అవ్వలు ఆగలేరు.