లారాను ఇటు తిప్పిందెవరు?

వీడియో గేముల్లో ఆడవాళ్ల శరీరాన్ని చూపించే తీరు గురించి ఎక్కడ చర్చ వచ్చినా లారా క్రాఫ్ట్ పేరు రాకుండా ఉండదు. కానీ కథ ఆమెతో మొదలవలేదు. 1986లో నింటెండో తెచ్చిన 'మెట్రాయిడ్'లో కవచం తొడుక్కుని పోరాడే సామస్ ఆడమనిషని ఆట పూర్తయ్యేదాకా తెలీదు. ఇంగ్లీషు మాన్యువల్ కూడా 'అతడు' అనే రాసింది. ఎంత త్వరగా ముగిస్తే కవచం అంత ఊడుతుంది. గంటలోపు ముగించినవాడికి ఆమె బికినీలో కనిపిస్తుంది. అంటే ఆమె ఒళ్లే బహుమతి.

పదేళ్ల తర్వాత, 1996లో, ఇంగ్లండులోని డెర్బీలో కోర్ డిజైన్ అనే స్టూడియో 'టూంబ్ రైడర్' చేసింది. లారాను రూపొందించింది టోబీ గార్డ్. ఛాతీ అతిగానే ఉంది, నిక్కరు పొట్టిగానే ఉంది, కాదనలేం. అయితే ఆడుతున్నంతసేపూ మనకు ఎక్కువగా కనిపించేది ఆమె వీపు, దాని మీద సంచీ. ఆ రాతి అంచు అందుతుందా, ఎన్ని అడుగులు వెనక్కొచ్చి దూకాలి? ధ్యాసంతా అక్కడే. యువరాణిని కాపాడే ఆటలే ఆడిన అమ్మాయిలకు ఇది చిన్న విషయమేం కాదు.

ఆమెను మనవైపు తిప్పింది మార్కెటింగ్. 1997లో లారా 'ది ఫేస్' పత్రిక ముఖచిత్రమైంది, యూటూ కచేరీల్లో తెరకెక్కింది. ఆమె వేషంలో తిరగడానికి మోడళ్లను పెట్టుకున్నారు. బట్టలు విప్పే కోడ్ ఉందని పుకారు పుట్టింది, అసలు ఆటలో అలాంటిదేమీ లేదు. అదే ఏడాది గార్డ్ కోర్ డిజైన్ వదిలేశాడు. తన పాత్రను అమ్ముతున్న తీరు నచ్చకపోవడం ఒక కారణం. ప్రధాన స్రవంతి ఒప్పుకుందంటే ఒప్పుకున్నది పోస్టర్ లారాని. రాతి అంచు పట్టుకుని వేలాడే లారాని కాదు.

2013లో ఆటను మళ్లీ కొత్తగా మొదలుపెట్టారు. రచయిత్రి రియానా ప్రాచెట్. నిక్కరు పోయి ప్యాంటు వచ్చింది, ఒళ్లు మామూలు మనిషి కొలతల్లోకి వచ్చింది. విడుదలకు ముందే నిర్మాతల్లో ఒకరు, ఆడేవాళ్లకు ఆమెను కాపాడాలనిపిస్తుంది అన్నట్టు మాట్లాడి తిట్లు తిన్నాడు. బట్టలు మారాయి గానీ చూపు? అప్పుడు ఆశపడి చూసేవాడు, ఇప్పుడు జాలిపడి చూసేవాడు. రెండుసార్లూ ఆమె అతని కోసమే.

2024లో కొరియా గేము 'స్టెల్లార్ బ్లేడ్' వచ్చినప్పుడు కూడా గొడవంతా ఎంత కప్పారు, ఎంత విప్పారు అన్నదాని మీదే. గుడ్డ కొలవడం తేలిక. ఆమె కళ్లతో మనం చూస్తున్నామా, ఆమెను చూస్తున్నామా అన్నది కొలవడమే కష్టం. ఏ ఆటనైనా ముందు అడగాల్సింది అదే.